57 డిగ్రీల దగ్గర మొరాయించిన డైజెస్టర్: ఒక కోళ్ల పెంట ప్లాంటు కేస్ స్టడీ

మే రెండో వారంలో ఫోన్ వచ్చింది. "గ్యాస్ సగానికి పైగా పడిపోయిందండీ. ఇంజన్ తొమ్మిది గంటలు తిరిగితే గొప్ప. వేడి చాలట్లేదేమోనని రెండు డిగ్రీలు పెంచాం. సున్నం కూడా వేశాం. అయినా దిగిపోతూనే ఉందండీ" అన్నారు ఓనరు గారు. జబ్బు ఏమిటో, దానికి చేసిన తప్పుడు వైద్యం ఏమిటో రెండూ ఆ మాటల్లోనే ఉన్నాయి. ఆ రోజు నాకు వినపడలేదు. పదిహేనేళ్లుగా బయోగ్యాస్ ప్లాంట్ల చుట్టూ తిరుగుతున్నవాణ్ని, వినపడాల్సింది.

ప్లాంటు అనపర్తి వైపు, లేయర్ ఫారాలు, అంటే గుడ్ల కోళ్ల ఫారాలు, వరసగా ఉండే ప్రాంతంలో ఉంది. ఒకటే డైజెస్టర్, అంటే గాలి తగలకుండా పెంట కుళ్లి గ్యాస్ వచ్చే మూసిన ట్యాంకు. లోపల 1000 ఘనపు మీటర్ల స్లర్రీ. రోజుకి 40 ఘనపు మీటర్ల మేత లోపలికి వెళ్తుంది, అంతే బయటికి వస్తుంది. అంటే వేసింది సగటున 25 రోజులు లోపల ఉంటుంది. వచ్చిన గ్యాస్‌తో ఇంజన్ తిప్పి కరెంటు తీస్తారు, ఇంజన్ జాకెట్ నుంచి వచ్చే వేడినీళ్లను డైజెస్టర్ గోడల్లోని పైపుల గుండా తిప్పుతారు. చాలకపోతే పక్కన చిన్న కట్టెల బాయిలర్ ఉంది.

దీన్ని మొదటినుంచీ 55 డిగ్రీల దగ్గర నడుపుతున్నారు. మన ఊళ్లలో గోబర్ గ్యాస్ మామూలు ఎండకే నడుస్తుంది, పెద్ద ప్లాంట్లు ఎక్కువగా 35 నుంచి 38 మధ్య పెట్టుకుంటాయి. 55 ఎంచుకోవడానికి వీళ్లకు కారణాలున్నాయి. ఆ వేడిలో పని జోరుగా సాగుతుంది కాబట్టి చిన్న ట్యాంకు సరిపోతుంది. కోళ్ల పెంటలో ఉండే సాల్మొనెల్లా లాంటివి చాలావరకు చస్తాయి. ఇంజన్ వేడి ఎలాగూ ఊరికే పోయేదే. మూడూ సరైన కారణాలే. అయితే కోళ్ల పెంటకు ఆ 55 నప్పుతుందా అని డిజైన్ చేసినప్పుడు ఎవరూ అడిగినట్టు లేదు.

బాగా నడిచిన రోజుల లెక్క ఇది. రోజుకి 8 టన్నుల పెంట, 6 టన్నుల ప్రెస్‌మడ్ (చక్కెర మిల్లుల్లో చెరకు రసం వడకట్టగా మిగిలే మడ్డి), మిగతాది నీళ్లు. గ్యాస్ 1200 ఘనపు మీటర్లు, అందులో మీథేన్ 58 శాతం. పీహెచ్ 7.7 (ఏడు కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం). అమ్మోనియా రూపంలో ఉన్న నత్రజని లీటరుకి 2.4 గ్రాములు, మేత విరిగేటప్పుడు మధ్యలో పుట్టే ఆసిడ్లు లీటరుకి 1500 మిల్లీగ్రాముల దగ్గర. వంక పెట్టడానికేమీ లేదు.

ఏప్రిల్‌లో ఏం మారింది

చక్కెర మిల్లుల క్రషింగ్ అయిపోయి ప్రెస్‌మడ్ రావడం ఆగింది. యార్డులో ఉన్న నిల్వ ఏప్రిల్ మొదటి వారంతో ఖాళీ. దాని బదులు మరో 6 టన్నుల పెంటే వేశారు, మొత్తం 14 టన్నులు. మొదటి పది రోజులు గ్యాస్ 1300 దాటింది. అందరూ సంబరపడ్డారు. ఏప్రిల్ మధ్యలో గోదావరి డెల్టా కాలువలకు నీళ్లు ఆపేశారు. బోరు నీళ్లు పొదుపు చేద్దామని డైజెస్టర్ నుంచి బయటికొచ్చిన స్లర్రీని వడకట్టి, ఆ నీళ్లతోనే మళ్లీ పెంట కలపడం మొదలుపెట్టారు. రిజిస్టరులో ఈ రెండో మార్పు రాసి లేదు. రెండోసారి వెళ్లినప్పుడు మోటారు దగ్గర కొత్త పైపు కనపడితే అడిగాను, అప్పుడు తెలిసింది.

నెలాఖరుకి గ్యాస్ 900కి దిగింది. సూపర్‌వైజర్ డిస్టిలరీ నుంచి వచ్చిన మనిషి, పనిమంతుడు. అక్కడ స్పెంట్‌వాష్ (సారా తీయగా మిగిలే వ్యర్థ ద్రవం) ప్లాంటులో గ్యాస్ పడిపోయిందంటే పులిసిపోయిందనే అర్థం, సున్నం వేస్తే తేరుకుంటుంది. చేతికి అలవాటైన మందు అది. ఇక్కడా మూడు రోజులు సున్నం వేశాడు. దాంతోపాటు బాయిలర్ వెలిగించి 55ని 57 చేశారు, "వేడి జీవులు కదండీ, వేడి ఎక్కువైతే బాగా పనిచేస్తాయనుకున్నాం." నేను వెళ్లేసరికి గ్యాస్ 520, మీథేన్ 50 శాతం. మంట నిలవట్లేదు, ఇంజన్ ఎక్కడం, ట్రిప్ అవడం.

మొదటి రోజు నేను చేసిన తప్పు

అవుట్‌లెట్ ఛాంబర్ దగ్గర నిలబడితే కళ్లు మండాయి. దాంతోపాటు ముక్కిన వెన్న లాంటి పులుపు వాసన. పీహెచ్ 8.1 చూపించింది. పులిసిపోయిన డైజెస్టర్ అయితే పీహెచ్ ఏడు లోపుకి దిగాలి, కాబట్టి ఆసిడ్ గొడవ కాదనుకున్నాను. అక్కడికక్కడే టైట్రేషన్ చేసి ఆసిడ్లకీ, వాటిని విరిచే శక్తి అయిన ఆల్కలినిటీకీ ఉన్న నిష్పత్తి తీశాను: 0.38. మామూలుగా 0.3 దాటితే కాస్త జాగ్రత్తపడతాం, 0.4 దాటితే మేత తగ్గిస్తాం. సరిహద్దులో ఉందిలే అనుకుని, మేత సగం చేయండి, సున్నం ఆపండి, వేడి మాత్రం కదపొద్దు అని చెప్పి, సాంపిల్ లాబ్‌కి పంపి వచ్చేశాను.

నిష్పత్తి చూసి కింద ఉన్న అంకెలు చూడకపోవడమే తప్పు. ఆసిడ్లు 7000 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ 18,500. ఏడు వేల ఆసిడ్ అంటే ఏ డైజెస్టర్‌కైనా జ్వరమే. భాగహారంలో కింది అంకె అంత లావుగా ఉండబట్టే నిష్పత్తి చిన్నగా కనపడింది. ఆ ఆల్కలినిటీలో ఎక్కువ భాగం అమ్మోనియా తెచ్చిపెట్టిందే. పీహెచ్‌ను పైకి పట్టి ఉంచిందీ అదే. అంటే జీవుల్ని చంపుతున్నదే, లోపల అంతా బాగుందని మీటరుకి చూపిస్తోంది. ఇలా ఆసిడ్లు పేరుకుపోయి కూడా పీహెచ్ దిగకుండా, గ్యాస్ తక్కువలో తక్కువగా నడుస్తూ ఉండే స్థితి అమ్మోనియా ఎక్కువైన డైజెస్టర్లకు మామూలే.

నాలుగు రోజులకు లాబ్ రిపోర్టు వచ్చింది. అమ్మోనియా నత్రజని లీటరుకి 4.1 గ్రాములు. ఆసిడ్లలో అసిటిక్ కన్నా ప్రొపియోనిక్ ఎక్కువ. ఈలోగా గ్యాస్ 430కి పడింది. ఆ నాలుగు రోజులు నా ఖాతాలోవే.

అసలు లోపల ఏం జరుగుతోంది

మీథేన్ చేసే జీవులు బ్యాక్టీరియా కావు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ వీటి ఆర్‌ఎన్‌ఏ పోల్చి చూసి ఇవి వేరే కొమ్మకు చెందినవని తేల్చారు. ఇప్పుడు ఆర్కియా అంటున్నాం. వీటిలో వేడిని ఇష్టపడేవి చాలా ఉన్నాయి. 1972లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జైకస్, వోల్ఫ్ అర్బానా ఊరి మురుగు బురదలోంచి ఒకదాన్ని వేరు చేశారు. అది 65 నుంచి 70 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, దాని ఇప్పటి పేరు మెథనోథర్మోబ్యాక్టర్ థర్మాటోట్రోఫికస్. సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర దొరికిన మెథనోపైరస్ కాండ్లెరి అయితే గట్టి ఒత్తిడిలో 122 డిగ్రీల దగ్గర కూడా పెరిగిందని 2008లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఓనరు గారికి ఇదంతా చెబితే, "మరి మనది 57కే ఎందుకు పడిపోయిందండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్న.

డైజెస్టర్‌లో ఉండేది ఒక్క జీవి కాదు, ఒక సంత. ఒకళ్లు పెంటని విరగ్గొడతారు, ఒకళ్లు ఆసిడ్లు చేస్తారు, ఒకళ్లు ప్రొపియోనిక్ లాంటి వాటిని అసిటేట్ (అసిటిక్ ఆసిడ్ రూపమే), హైడ్రోజన్ చేస్తారు. చివర్లో మీథేన్ జీవులు. వీటిలో ఒక రకం హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ తింటుంది, ఇంకో రకం అసిటేట్ తింటుంది. మామూలుగా వచ్చే మీథేన్‌లో దాదాపు 70 శాతం అసిటేట్ దారినే వస్తుంది. అమ్మోనియా దెబ్బ ముందు తగిలేది అసిటేట్ తినేవాళ్లకి. హైడ్రోజన్ తినేవి కాస్త మొండివి.

అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్‌గా ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం లేదు, అది కణం పొర దాటి సులువుగా పోలేదు. ఛార్జ్ లేని ఫ్రీ అమ్మోనియా మాత్రం నేరుగా లోపలికి జొరబడుతుంది, అక్కడ ప్రోటాన్లను పట్టుకుని కణం లోపలి లెక్క తప్పిస్తుంది. ఈ ఫ్రీ అమ్మోనియా వాటాను పెంచేవి రెండే, పీహెచ్, వేడి. పీహెచ్ 8 దగ్గర, 35 డిగ్రీల్లో మొత్తంలో పదో వంతు ఫ్రీ రూపంలో ఉంటే, అదే పీహెచ్‌లో 55 డిగ్రీలకు 28 శాతం అవుతుంది. జీవికి 57 డిగ్రీల వేడి ఇబ్బంది కాకపోవచ్చు, ఆ వేడిలో చుట్టూ ఉన్న నీళ్లు విషమవుతాయి.

ప్లాంటు అంకెల్ని ఇందులో వేసి చూశాను. మార్చిలో: 55 డిగ్రీలు, పీహెచ్ 7.7, ఫ్రీ వాటా 16 శాతం, 2.4 గ్రాములకు 0.39 గ్రాములు. మేలో: 57 డిగ్రీలు, పీహెచ్ 8.1, వాటా 35 శాతం పైన, 4.1 గ్రాములకు 1.45 గ్రాములు. మొత్తం అమ్మోనియా రెట్టింపు కూడా కాలేదు, విషం మాత్రం దాదాపు నాలుగింతలైంది. ఆ తేడాలో పెంటది ఒక వాటా అయితే, సున్నానిదీ బాయిలర్‌దీ ఇంకో వాటా. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆంజెలిడాకి, ఆరింగ్ 1990ల మొదట్లో పశువుల పేడ మీద చేసిన పనిలో లీటరుకి 0.7 గ్రాముల ఫ్రీ అమ్మోనియా దాటితే వేడి డైజెస్టర్ దెబ్బతినడం చూశారు. అమ్మోనియా ఎక్కువున్న చోట 55 నుంచి వేడి దించితే గ్యాస్ పెరిగిందని కూడా వాళ్లే చూపించారు. అలవాటుపడిన డైజెస్టర్ ఇంకొంచెం తట్టుకోవచ్చు. ఒకటిన్నర దగ్గర అలవాటు మాటెత్తి లాభం లేదు.

కోళ్ల పెంటతోనే ఎందుకీ గొడవ అంటే, కోడికి వేరే మూత్రం ఉండదు. రెట్ట మీద కనిపించే తెల్ల టోపీ యూరిక్ ఆసిడ్. ఆవు విషయంలో మూత్రంతో వేరుగా పోయే నత్రజని కోడి దగ్గర రెట్టలోనే ఉండిపోతుంది, డైజెస్టర్‌లోకి వెళ్లగానే అమ్మోనియాగా విరుగుతుంది.

ఓనరు గారికి ఇంకో రెండు అనుమానాలున్నాయి. కోళ్లకు వాడిన మందులేమో అన్నారు. పెన్సిలిన్ దెబ్బ తగిలేది బ్యాక్టీరియా గోడలోని పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం మీద, ఆర్కియా కణం గోడలో అది ఉండదు కాబట్టి పెన్సిలిన్ లాంటివి మీథేన్ జీవుల్ని నేరుగా తాకవు. కానీ ముందు వరసలో ఉన్న బ్యాక్టీరియాకు తగులుతాయి. ఫారం రిజిస్టర్లు తెప్పించి చూశాం, ఆ రెండు నెలల్లో ఏ మందూ లేదు. రెండోది, ఎవరో అమ్మిన "కల్చర్ పౌడర్" వేద్దామా అని. వద్దన్నాను. ఆవు పేడ వేస్తే? ఆవు పొట్ట 39 డిగ్రీలు. అక్కడి జీవుల్లో 50 పైన పనిచేసేవి కొద్దిగా ఉంటాయి, అవి పెరగడానికి వారాలు పడుతుంది. విషం తీయకుండా కొత్త జీవుల్ని పోస్తే వాటికీ అదే గతి.

చేసిన వైద్యం

మేత పూర్తిగా ఆపాలి, అమ్మోనియా పలచబడాలి, వేడి దిగాలి. ఈ మూడింటికీ ఒకటే మందు దొరికింది, నీళ్లు.

బాయిలర్ ఆపితే చల్లబడుతుంది కదా అనుకుంటాం. లెక్క వేస్తే అలా లేదు. గోడలకు మంచి ఇన్సులేషన్ ఉంది, గోడల గుండా పోయే వేడి రోజుకి డిగ్రీలో ఆరో వంతు కూడా కాదు. డైజెస్టర్‌ను చల్లబరిచేది రోజూ వేసే చల్లటి మేతే. మేత ఆపేస్తే 57 అలాగే కూర్చుంటుంది. అందుకని మేత బదులు రోజుకి 40 ఘనపు మీటర్ల మంచినీళ్లు, పొద్దున సగం, సాయంత్రం సగం. ఇంజన్ వేడినీళ్ల వాల్వ్ కట్టేశాం. రోజుకి ఒక డిగ్రీ దాకా దిగుతుంది, అంతకంటే వేగంగా దించడం నాకు ఇష్టం లేదు. ఈ జీవులు వేడికి తట్టుకుంటాయి గానీ గబుక్కున వచ్చే మార్పుకి తట్టుకోవు. నీళ్లతో జీవులు కొట్టుకుపోవా అని సూపర్‌వైజర్ అడిగాడు. మామూలు రోజుల్లోనూ 40 బయటికి పోతున్నాయి కదా, అంతే పోతాయి.

కాలువలు కట్టేసిన మే నెలలో రోజుకి ఎనిమిది ట్యాంకర్ల నీళ్లు. ఓనరు గారి ముఖం చూడలేకపోయాను. ట్యాంకర్లో ఎండకి కాగి నీళ్లు 33 డిగ్రీల దగ్గర వచ్చేవి.

ఎనిమిది రోజులు అలా చేశాం. గ్యాస్ పెద్దగా పెరగలేదు, 350, 400 మధ్య ఆడింది. కానీ అయిదో రోజున మీథేన్ 54 శాతం, ఎనిమిదో రోజున 61. మంట నిలబడింది. వేడి 50కి వచ్చింది, పీహెచ్ 7.8, అమ్మోనియా 3.2 గ్రాములు. ఫ్రీ అమ్మోనియా మళ్లీ లెక్కేస్తే అర గ్రాము.

ఆసిడ్లు 7000 నుంచి 3900కి దిగాయి. ఇక్కడ సంబరపడే ముందు ఒక లెక్క చేయాలి. రోజుకి నాలుగు శాతం నీళ్లు మారుతుంటే, ఎవరూ ఏమీ తినకపోయినా ఎనిమిది రోజుల్లో 7000 అన్నది 5050 అవుతుంది. అంటే నీళ్లు పలచబరిచింది పోగా మిగిలిన 1150 జీవులు తిన్నవే. అది తేలాకే నేను రాత్రి నిద్రపోయాను. అమ్మోనియా విషయంలో లెక్క తిరగబడింది. పలచబడితే 2.96 రావాలి, 3.2 వచ్చింది, లోపల మిగిలిన పెంట ఇంకా విరుగుతోందన్నమాట.

38కి ఎందుకు దించలేదని తర్వాత ఒక మిత్రుడు అడిగాడు. 40కీ 50కీ మధ్య ఉన్నది ఎవరికీ చెందని నేల. వేడి జీవులు నెమ్మదిస్తాయి, చల్లటి జీవులకు అది ఎక్కువ. దాన్ని దాటి 38కి వెళ్లాలంటే సంతనంతా ఖాళీ చేసి కొత్త సంత పెట్టుకున్నట్టు. 50 దగ్గరైతే ఉన్నవాళ్లే పని చేస్తారు.

తొమ్మిదో రోజు నుంచి మేత. ప్రెస్‌మడ్ లేదు కాబట్టి నత్రజని తక్కువున్నది ఇంకేదైనా కావాలి. ఎండుగడ్డి వద్దన్నాను, తేలి పైన చాపలా కట్టుకుంటుంది. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లుల్లో కర్రపెండలం పిప్పి ఎండబెట్టి దాణాకి అమ్ముతారు, అది తెప్పించాం. మొదట 3 టన్నుల పెంట, ఒక టన్ను పిప్పి. అయిదు రోజులకోసారి ఆసిడ్లు చూసి, పెరగకపోతేనే ఒక మెట్టు ఎక్కడం. మూడో మెట్టులో ఒకసారి 3000 నుంచి 3600కి పెరిగాయి. వారం పాటు అక్కడే ఆగాం.

మైక్రోస్కోపు కింద

మీథేన్ జీవుల్లో ఎఫ్420 అనే కోఎంజైమ్ (ఎంజైమ్‌కు తోడుగా పనిచేసే పదార్థం) ఉంటుంది, సరైన కాంతి పడితే నీలి ఆకుపచ్చగా మెరుస్తుంది. రంగులేమీ అద్దక్కర్లేదు. తెలిసిన కాలేజీ లాబ్‌లో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు ఉంటే మే సాంపిల్ తీసుకెళ్లి చూశాను. సన్నటి కడ్డీల్లాంటివి అక్కడక్కడా మెరిశాయి. అసిటేట్ తినే మెథనోసార్సినా గుత్తులు, సీతాఫలం కళ్లలా ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి, చాలా వెతికితే రెండు కనపడ్డాయి. జూలై మొదటి వారం సాంపిల్‌లో ప్రతి రెండో చూపుకీ ఒక గుత్తి. డీఎన్‌ఏ పరీక్ష చేయించలేదు కాబట్టి ఏ జాతి అని గట్టిగా చెప్పను. ఆకారం చూసి చెబుతున్న మాటే ఇది.

జూలై మధ్యకు గ్యాస్ 1100. మేత 7 టన్నుల పెంట, 3 టన్నుల పిప్పి. ఆసిడ్లు 1800, అమ్మోనియా 3 గ్రాములు. వడకట్టిన నీళ్లు కలిపేది మొత్తం నీళ్లలో మూడో వంతు దాటకూడదని పెట్టుకున్నాం, ఆ పైపుకి ఒక మీటరు బిగించారు. రిజిస్టరులో పీహెచ్ గడి పక్కన అమ్మోనియాకీ ఆసిడ్లకీ విడివిడి గళ్లు గీయించాను, నిష్పత్తి గడి కొట్టేయించాను. వారానికోసారి లాబ్ ఖర్చు ఓనరు గారికి నచ్చలేదు. మే నెల ట్యాంకర్ల బిల్లు గుర్తుచేస్తే ఊరుకున్నారు.

పిప్పి ధర మాత్రం ప్రెస్‌మడ్‌తో పోలిస్తే ఎక్కువ, దాణా వ్యాపారులతో పోటీ. క్రషింగ్ మొదలై ప్రెస్‌మడ్ రాగానే మళ్లీ 55కి పోదామా అని ఓనరు గారు అప్పుడే అడుగుతున్నారు. 52 దాకా ఒప్పుకుంటానన్నాను, అదీ వారానికి ఒక డిగ్రీ చొప్పున. మిగిలిపోయిన సున్నం బస్తాలు ఆరున్నాయి. సూపర్‌వైజర్ వాటిని పక్క ఫారం షెడ్ల గోడలకు వెల్ల వేయించాడు.